తలుపు దగ్గర కూర్చున్నవాళ్లు

మన్రోవియా. 2003 ఏప్రిల్. టబ్‌మన్ బులెవార్డ్ పక్కన చేపల బజారు, దాన్ని ఆనుకుని ఖాళీ మైదానం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మీరు రోడ్డు వారన నిలబడి చూస్తున్నారు. ఆడవాళ్లు వస్తున్నారు. మొదట పదిమంది, తర్వాత యాభై, చూస్తుండగానే లెక్క తప్పిపోయింది. అందరి ఒంటి మీదా తెల్ల చొక్కాలు, తలకు తెల్లగుడ్డ. మెడలో గొలుసు లేదు, పెదవికి రంగు లేదు. నీచువాసన గుప్పుమంటోంది. మైకు లేదు, షామియానా లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే నేల మీద చతికిలబడుతున్నారు.

ఇక్కడే ఎందుకన్నది కాసేపట్లో మీకే తెలుస్తుంది. దూరంగా సైరన్. తుపాకులు పట్టుకున్న కుర్రాళ్లతో జీపులు, వాటి మధ్య కార్లు. దేశాధ్యక్షుడు చార్లెస్ టేలర్ ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లే దారి ఇదే. వీధుల్లోకి వచ్చి తన ప్రభుత్వం పరువు తీస్తే ఊరుకోనని ఆయన ముందే హెచ్చరించి ఉన్నాడు. కార్లు దూసుకుపోయాయి. లేచి నిలబడిన ఆడవాళ్లు ఒక పెద్ద గుడ్డ మీద రాసుకున్న మాటను ఎత్తి పట్టుకున్నారు. లైబీరియా మహిళలకు శాంతి కావాలి, ఇప్పుడే కావాలి. అంతే. మళ్లీ కూర్చున్నారు. సాయంత్రం దాకా ఉంటారు. రేపూ వస్తారు. వానలు మొదలైనా వస్తారు. మన్రోవియా వానంటే మామూలుది కాదు, ప్రపంచ రాజధానుల్లో ఇంతగా తడిసే ఊళ్లు అరుదు.

గుంపులోకి నాలుగడుగులు వేసి చూడండి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఆదివారం చర్చికి వెళ్లే మనిషి, ఇంకొకరు శుక్రవారం నమాజు చేసే మనిషి. ఇది ఈ దేశంలో చిన్న సంగతి కాదు. ఎందుకో తెలియాలంటే వెనక కథ కొంచెం చెప్పుకోవాలి.

అమెరికాలో బానిస సంకెళ్లు తెంచుకున్న నల్లజాతివాళ్లు 1820లలో ఈ తీరానికి చేరారు, 1847లో స్వతంత్ర దేశం ప్రకటించుకున్నారు. అప్పటికే ఇక్కడ తరతరాలుగా బతుకుతున్న తెగలను వాళ్ల వారసులు నూట ముప్పై ఏళ్లకు పైగా ఏలారు. 1980లో శామ్యూల్ డో అనే సైనికుడు ఆ ఏలుబడిని కూల్చి తన క్రాన్ తెగను అందలమెక్కించాడు. 1989 డిసెంబరు 24న టేలర్ సాయుధులతో ఐవరీ కోస్ట్ వైపు నుంచి చొరబడ్డాడు. ఆ యుద్ధం ఏడేళ్లు సాగింది. 1997 ఎన్నికల్లో నాలుగింట మూడొంతుల ఓట్లు టేలర్‌కే పడ్డాయి. అది అభిమానం కాదు. ఓడితే మళ్లీ అడవికెళ్లి తుపాకీ పడతాడన్న భయం. ఆ భయానికి ఓటేసినా శాంతి నిలిచింది రెండేళ్లే. 1999లో ఉత్తరం నుంచి లర్డ్ అనే తిరుగుబాటు దళం దిగింది, అందులో మాండింగో ముస్లింలు ఎక్కువ. తర్వాత ఆగ్నేయం నుంచి మోడెల్ దిగింది, అందులో క్రాన్‌లు ఎక్కువ. రెండు యుద్ధాల్లో పోయిన ప్రాణాలు రెండు లక్షల పైమాటేనని అంచనా. దేశ జనాభా చూస్తే ముప్పై లక్షలు.

కాబట్టి 2003లో మన్రోవియా సందుల్లో మాండింగో మనిషంటే శత్రువు మనిషని లెక్క. అలాంటి రోజుల్లో అసాటు బా కెన్నెత్ అనే ముస్లిం పోలీసు అధికారిణి క్రైస్తవ మహిళల సమావేశంలో లేచి, మా ఆడవాళ్లనూ తీసుకొస్తానని మాటిచ్చింది. చర్చి మహిళల్లో కొందరికి అది మింగుడుపడలేదు. తూటాకు మతం తెలుస్తుందా అన్న వాదన చివరికి నెగ్గింది. మీరు చూస్తున్న ఈ తెల్లబట్టల గుంపు అలా పుట్టింది. దాన్ని నడిపిస్తున్నది లేమా బోవీ, వయసు ముప్పై ఒకటి, పిల్లల తల్లి, సామాజిక కార్యకర్త. మాజీ బాలసైనికులతో పనిచేసిన మనిషి. ఆమె పని నేర్చుకున్నది సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చి ఆవరణలో. 1990 జూలైలో అదే చర్చిలో తలదాచుకున్న దాదాపు ఆరువందల మందిని డో సైనికులు ఒక్క రాత్రిలో చంపారు.

వీళ్లు అడిగింది మూడే. బేషరతుగా కాల్పులు ఆపండి, కూర్చుని మాట్లాడుకోండి, మధ్యలో నిలబడటానికి బయటి దేశాల బలగాన్ని రానివ్వండి. ఎవరిది తప్పో చెప్పలేదు. ఎవరిని దించాలో చెప్పలేదు. ఆ మౌనం చేతకానితనం కాదని నా అభిప్రాయం. తప్పెవరిదో తేల్చే మాట ఒక్కటి నోరు జారి ఉంటే రెండో పక్షం తలుపు మూసుకుపోయేది. భర్తలను పక్కలోకి రానివ్వమని కూడా కొన్నాళ్లు పంతం పట్టారు. ప్రపంచ పత్రికలు ఎక్కువగా రాసింది దాని గురించే. దానివల్ల యుద్ధం ఆగలేదు, పత్రికలవాళ్లు వచ్చారు. ఆ సంగతి బోవీయే తర్వాత చెప్పింది.

ఏప్రిల్ 23. ఇప్పుడు మీరు అధ్యక్ష భవనంలో ఉన్నారు. టేలర్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. బోవీ విన్నపం చదవాలి. ఆమె ముఖం టేలర్ వైపు తిప్పలేదు. ఆ గదిలో ప్రభుత్వం తరఫున కూర్చున్న స్త్రీ, సెనేట్ అధ్యక్షురాలు గ్రేస్ మైనర్ వైపు తిరిగి, ఈ మాటలు మీరే ఆయనకు అందజేయండన్నట్టు చదివింది. అలసిపోయాం, పరుగెత్తలేకపోతున్నాం, పిల్లలకు పెట్టడానికి గోధుమనూక కోసం అడుక్కోలేకపోతున్నాం అన్నది దాని సారాంశం. చర్చలకు వెళ్తానని టేలర్ ఒప్పుకున్నాడు.

సగం పని అయింది. తుపాకీ పట్టిన రెండో పక్షం సంగతేమిటి? మహిళలు పొరుగుదేశం సియెరా లియోన్ వెళ్లి, ఫ్రీటౌన్‌లో మకాం వేసిన లర్డ్ నాయకులను పట్టుకున్నారు. మీ ఊరి ఆడవాళ్లం, మీకు అమ్మలం, అక్కలం అన్న వరస కలిపి మాట్లాడారు. వాళ్లూ సరేనన్నారు. రెండు శిబిరాల్లోనూ కాలు పెట్టగలిగినవాళ్లు ఆ రోజుల్లో లైబీరియాలో ఎందరున్నారో ఆలోచించండి. మతపెద్దల మండలి ఒకటి ఉంది, వీళ్లున్నారు. ఇంకెవరూ గుర్తుకు రారు.

జూన్ 4, ఘనా రాజధాని ఆక్రా. ఇక్కడ మీకు ఊపిరాడదు, అంత హడావుడి. ఆఫ్రికా దేశాధినేతలు ఒకే వేదిక మీద. మధ్యవర్తి జనరల్ అబ్దుల్‌సలామీ అబూబకర్, నైజీరియా మాజీ సైనిక పాలకుడు. 1999లో ఎన్నికైన ప్రభుత్వానికి అధికారం అప్పగించి పక్కకు తప్పుకున్నవాడు. సరిగ్గా ఆ పొద్దుటే సియెరా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం, ఆ దేశంలో జరిగిన నేరాలకుగాను టేలర్ మీద అభియోగపత్రం బయటపెట్టింది. ఇంటికి పిలిచిన అతిథిని అరెస్టు చేయాలా వద్దా? ఘనా ప్రభుత్వం ఎటూ పాలుపోక, చివరికి తన విమానంలోనే టేలర్‌ను మన్రోవియాకు పంపేసింది. ప్రధాన వ్యక్తి లేకుండానే చర్చలు మొదలయ్యాయి. చాలామంది అది చర్చలకు గొడ్డలిపెట్టు అనుకున్నారు. కానీ టేలర్ ఇక కుర్చీలో కొనసాగలేడని అందరికీ అర్థమైంది కూడా ఆ రోజే.

జూన్ 17న కాల్పుల విరమణ మీద సంతకాలు. సిరా ఆరకముందే ఉల్లంఘనలు.

ఇక ఆ తర్వాతి వారాలు ఎలా గడిచాయో చూడాలంటే మీరు రెండు చోట్ల ఉండాలి. ఒకటి, ప్రతినిధులు బస చేసిన హోటల్. మెత్తటి పడకలు, మూడుపూటలా భోజనం, చేతికి రోజు భత్యం. అడవిలో చెప్పుల్లేకుండా తిరిగిన దళనాయకులు ఇప్పుడు ఈత కొలను పక్కన చల్లటి పానీయాలు తాగుతున్నారు. లోపల చర్చంతా పదవుల మీదే. ఉమ్మడి ఆస్తి పంచుకోవడానికి కూర్చున్న అన్నదమ్ముల్లా ఏ శాఖ ఎవరికి, ఓడరేవు ఎవరికి, ఏ ప్రభుత్వ సంస్థ ఎవరికి అని లాగులాట. రెండోది, ఆ భవనం బయట పచ్చిక. అక్కడ తెల్లబట్టల ఆడవాళ్లు. మన్రోవియా నుంచి వచ్చినవాళ్లు కొద్దిమందే. ఆక్రాకు దగ్గర్లో బుదుబురాం శరణార్థి శిబిరం ఉంది, అక్కడి లైబీరియా స్త్రీలను బస్సుల్లో తెచ్చుకుంటున్నారు. పొద్దున వస్తారు, సాయంత్రం పోతారు. లోపలికి వెళ్లే ప్రతి ప్రతినిధీ వీళ్ల ముందు నుంచే నడవాలి.

లోపల ఆడవాళ్లు అసలే లేరని కాదు. మానో నదీ తీర దేశాల మహిళల శాంతి సంఘం ప్రతినిధులు చర్చల్లో కూర్చున్నారు, చివర్లో ఒప్పందం మీద సంతకం కూడా చేశారు. లోపలివాళ్లు చదువుకున్న పెద్దింటి స్త్రీలని, బయటివాళ్లు బజారు మనుషులని ఒక గీత కూడా ఉండేది. ఆ రెండు గుంపుల మధ్య అంతా సఖ్యతే అని చెబితే అబద్ధం. అయినా లోపలి మాట బయటికి, బయటి కోపం లోపలికి చేరవేసే దారి ఒకటి ఏర్పడింది. మధ్యవర్తిత్వం గురించి పుస్తకాలు రాసేవాళ్లు ఇలాంటి దారికి పెద్ద పెద్ద పేర్లు పెడతారు. అక్కడ దాని పేరు చీటీ. మడిచి చేతికి అందించే కాగితం ముక్క.

జూలై 21. నెమ్మదిగా నడుద్దాం, ఈ రోజును తొందరగా దాటకూడదు.

పొద్దుటి నుంచే మన్రోవియా కబుర్లు వస్తున్నాయి. లర్డ్ దళాలు వంతెనల దగ్గరికి చేరాయి. ఊరి నడిబొడ్డున మోర్టార్ గుండ్లు పడుతున్నాయి. అమెరికా రాయబార కార్యాలయం దగ్గర గ్రేస్టోన్ అనే ఆవరణలో వేలమంది తలదాచుకుని ఉన్నారు, అక్కడా పడ్డాయి. కడుపు మండిన జనం శవాలను తెచ్చి రాయబార కార్యాలయం గేటు ముందు వరసగా పడుకోబెట్టారు. ఆక్రాలో కూర్చున్న ఈ ఆడవాళ్ల పిల్లలు, తల్లులు ఆ ఊళ్లోనే ఉన్నారు. మరి లోపలివాళ్లో? వాయిదా వేసుకుని భోజనానికి లేవబోతున్నారు.

బోవీ ముఖం చూడండి. అంతవరకు పాటలు పాడించిన మనిషి ఇప్పుడు మాట్లాడటం లేదు. ఇంకొందరు ఆడవాళ్లను పిలవమని కబురు పెట్టింది. దాదాపు రెండువందల మంది అయ్యారు. అందరూ భవనంలోకి నడిచి, సభ జరుగుతున్న గది గాజు తలుపు ముందు, వరండా పొడవునా నేల మీద కూర్చున్నారు. పక్కనున్నవాళ్ల చేతిలో చెయ్యి మెలేసి బిగించారు. లోపల నుంచి బయటికి ఇక దారి లేదు. బోవీ ఒక చీటీ రాసి లోపలికి పంపింది. మన్రోవియా ప్రజలు పడుతున్న బాధ మీకూ తెలియాలి, తేలేదాకా మిమ్మల్ని బందీలుగా ఉంచుతున్నాం అన్న అర్థంతో. చీటీ జనరల్ అబూబకర్ చేతికి వెళ్లింది. ఆయన చదివాడు. సభలో లేచి, జనరల్ లేమా, ఆమె దళం హాలును స్వాధీనం చేసుకున్నారని ప్రకటించాడు. నిజం జనరల్ ఆ బిరుదును ఆమెకు సరదాగా ఇచ్చాడో, గౌరవంగా ఇచ్చాడో, రెండూ కలిపో!

భద్రతా సిబ్బంది వచ్చారు. మీరు గోడకు ఆనుకుని నిలబడండి, తోపులాట జరగొచ్చు. ఈ గుంపుకు నాయకురాలెవరని అడిగారు. నేనేనని ఆమె లేచింది. న్యాయానికి అడ్డుపడుతున్నావు, అరెస్టు చేస్తున్నామన్నారు. న్యాయం అన్న ఆ ఒక్క మాటతో ఆమెలో ఏదో తెగింది. శవాల మీద కూర్చుని శాఖలు పంచుకుంటున్నవాళ్లు లోపలుంటే, బయట కూర్చున్న నేను న్యాయానికి అడ్డా? మీకు శ్రమ ఎందుకు, నేనే పని తేలిక చేస్తానంటూ తలగుడ్డ లాగి పడేసింది. ఒంటి మీది బట్టలు విప్పడం మొదలుపెట్టింది.

వరండా నిశ్శబ్దమైంది. సిబ్బంది వెనక్కి తగ్గారు, కొందరు ముఖం తిప్పుకున్నారు. పశ్చిమాఫ్రికాలో తల్లి అయిన స్త్రీ కావాలని బట్టలు విప్పితే, చూసిన మగవాడికి శాపం తగులుతుందని నమ్మకం. చావు లాంటి శాపం. లర్డ్ మనిషైనా, టేలర్ మనిషైనా, పోలీసైనా ఆ నమ్మకం ముందు ఒకటే. ఆయుధం లేనివాళ్లు ఆయుధం ఉన్నవాళ్లను వాళ్ల సంస్కృతి లోపలి నుంచే పట్టుకున్న క్షణం అది.

అబూబకర్ బయటికొచ్చాడు. సిబ్బందిని ఆగమన్నాడు. ఆ సందులో ఒక దళనాయకుడు ఆడవాళ్ల మీదుగా దాటిపోబోయాడు, కాలు విసిరాడు. జనరల్ అతన్ని అక్కడే కడిగేశాడు. నువ్వు నిజంగా మగాడివైతే నీ జనాన్ని చంపుకునేవాడివి కాదు, కాదు కనుకే ఈ ఆడవాళ్లు నిన్ను పిల్లాడిలా చూస్తున్నారు, పోయి కూర్చో అన్న ధోరణిలో. అతను వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

ఇక్కడ మధ్యవర్తి పని ఏమిటో గమనించండి. ఆడవాళ్లను ఈడ్పించేయడానికి ఆయనకు అధికారం ఉంది. ఆ ఒత్తిడిని తన పరపతిగా మార్చుకోవడానికి తెలివి కావాలి. అబూబకర్ రెండోది ఎంచుకున్నాడు. వాళ్లతో కూర్చుని షరతులు అడిగాడు. ప్రతినిధులు సమావేశాలకు ఎగ్గొట్టకూడదు. ముందు నుంచి నడిచేటప్పుడు మమ్మల్ని తూలనాడకూడదు. చర్చలు సాగదీస్తే మళ్లీ వస్తాం, ఈసారి ఇంకా ఎక్కువమందిమి వస్తాం. ఆయన ఒప్పుకున్నాడు. చేతులు విడివడ్డాయి. గంటల తర్వాత తలుపు తెరుచుకుంది.

ఆ రోజు నుంచి గదిలో వాతావరణం మారిందని అక్కడున్నవాళ్లు చెబుతారు. నమ్మొచ్చు. అయితే గాజు తలుపు దగ్గర కూర్చోవడంతోనే యుద్ధం ఆగిందని రాస్తే అది సినిమా కథ అవుతుంది. ఆగస్టు 4న నైజీరియా సైనికులు మన్రోవియాలో దిగారు, అమెరికా నౌకలు తీరంలో లంగరేశాయి. టేలర్ చేతిలో తూటాలు అయిపోవస్తున్నాయి, నెత్తి మీద అభియోగపత్రం ఉంది. ఆగస్టు 11న రాజీనామా చేసి నైజీరియాలోని కలాబార్‌కు వెళ్లిపోయాడు. 18న ఆక్రాలో సమగ్ర శాంతి ఒప్పందం. ఇన్ని ఒత్తిళ్లు కలిస్తేనే అయింది. అందులో ఏ సైన్యమూ, ఏ న్యాయస్థానమూ చేయలేని ఒత్తిడి ఈ ఆడవాళ్లది. అవతలి పక్షాల్లో ఎవరూ వీళ్లను శత్రువు మనిషి అనలేకపోయారు.

ఇప్పుడు ఒప్పందం కాగితాలు తిరగేయండి. ఎవరికేం దక్కింది? మంత్రిత్వ శాఖలు 21. పాత ప్రభుత్వానికి 5, లర్డ్‌కు 5, మోడెల్‌కు 5, మిగిలిన 6 రాజకీయ పార్టీలకూ పౌర సంఘాలకూ కలిపి. తాత్కాలిక శాసనసభలో 76 స్థానాలు. మూడు సాయుధ పక్షాలకు తలా 12. పౌర సంఘాలు, మహిళలు, ఇతర ప్రత్యేక వర్గాలు అన్నీ కలిపి 7. ఎన్ని తుపాకులుంటే అన్ని కుర్చీలు అన్న లెక్క ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పోకడ ముందే పసిగట్టిన మహిళలు సంతకాలకు మూడు రోజుల ముందే ఆక్రాలోని గోల్డెన్ ట్యూలిప్ హోటల్‌లో సమావేశమై, తాత్కాలిక ప్రభుత్వంలో అన్ని స్థాయుల్లోనూ మాకు చోటివ్వాలని తీర్మానం చేశారు. సాయుధులను పిలవకపోతే కాల్పులు ఆగవు, అది నిజం. కానీ పిలిచాక వాళ్లనే యజమానులను చేయడం మధ్యవర్తుల తొందర. ఎలాగోలా సంతకం పడితే చాలన్న తొందర.

దాని ఖరీదు డిసెంబరులోనే తెలిసింది. 2003 డిసెంబరు 7, మన్రోవియా బయట షీఫెలిన్ శిబిరం. ఐక్యరాజ్యసమితి ఆయుధాల అప్పగింత మొదలుపెట్టింది. తాము సాయపడతామని మహిళలు ముందే అంటే, అది నిపుణుల పని అన్నట్టు పక్కన పెట్టారు. అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు మంది ఎగబడ్డారు. డబ్బు చేతికి రాలేదని తిరగబడ్డారు, ఊళ్లో మళ్లీ కాల్పులు, చావులు. కార్యక్రమం ఆగిపోయింది. అప్పుడు ఆడవాళ్లు అవసరమయ్యారు. శిబిరాలకు వెళ్లి కుర్రాళ్లను కూర్చోబెట్టి నచ్చజెప్పింది వీళ్లే. మరుసటి ఏప్రిల్‌లో మళ్లీ మొదలై, చివరికి లక్షకు పైగా మంది పేర్లు రాయించుకున్నారు. అందిన తుపాకులు మాత్రం 28 వేల చిల్లర. ఆ తేడాలో ఎంత దొంగలెక్క ఉందో మీరే ఊహించుకోండి.

2005 ఎన్నికలకు ఇదే గుంపు బజారు బజారూ తిరిగి ఆడవాళ్ల పేర్లు ఓటరు జాబితాలో రాయించింది. ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ గెలిచింది, ఆఫ్రికాలో ఎన్నికైన తొలి మహిళా దేశాధినేత. 2007 జనవరిలో మన దేశం నుంచి వందమందికి పైగా మహిళా పోలీసులు మన్రోవియాలో దిగారు. ఐక్యరాజ్యసమితి శాంతిదళాల చరిత్రలో పూర్తిగా స్త్రీలతో కూడిన మొదటి పోలీసు దళం అదే. అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా, రాత్రి గస్తీ వాళ్ల పని. 2016లో వాళ్లు తిరిగొచ్చేనాటికి లైబీరియా భద్రతా రంగంలో స్త్రీల వాటా 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగింది. 2011లో బోవీకి, సర్లీఫ్‌కు, యెమెన్‌కు చెందిన తవక్కోల్ కర్మాన్‌కు కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

ఇది మంచి ముగింపే. కానీ కథ అక్కడ ఆగదు. నిజనిర్ధారణ, సయోధ్య సంఘం 2009లో ఇచ్చిన నివేదిక, 30 ఏళ్లపాటు పదవులకు దూరంగా ఉంచాలన్నవారి జాబితాలో సర్లీఫ్ పేరూ చేర్చింది, మొదట్లో టేలర్‌కు మద్దతిచ్చినందుకు. ఆ నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తర్వాత కొట్టేసింది. డోను చిత్రహింసలు పెట్టిస్తూ వీడియో తీయించిన దళనాయకుడు ప్రిన్స్ జాన్సన్ ఏళ్లతరబడి సెనేటర్‌గా కొనసాగాడు. అతని మద్దతు లేనిదే అతని నింబా కౌంటీలో ఓట్లు రావని పార్టీలు అతని గుమ్మం తొక్కాయి.

అన్నీ లెక్క చూశాక నా తీర్పు ఇది. ఆక్రాలో కుదిరిన శాంతి గట్టిదే. ఇరవై ఏళ్లు దాటినా మళ్లీ యుద్ధం రాలేదు, ఓడిన అధ్యక్షుడు 2023లో ఓటమి ఒప్పుకుని దిగిపోయాడు. కానీ ఆ శాంతి న్యాయాన్ని వాయిదా వేసి తెచ్చుకున్నది, ఆ వాయిదాకు ఒప్పుకున్నది తలుపు బయట కూర్చున్నవాళ్లు కాదు. 2012లో టేలర్‌కు 50 ఏళ్ల జైలుశిక్ష పడింది, అది సియెరా లియోన్‌లో జరిగిన నేరాలకు. లైబీరియాలో జరిగినవాటి కోసం యుద్ధ నేరాల న్యాయస్థానం ఏర్పాటుకు అధ్యక్షుడు జోసెఫ్ బోకాయ్ ఆదేశం మీద సంతకం చేసింది 2024 మేలో. ఆ సంతకం నాటికి, రెండు లక్షలకు పైగా చావులకుగాను, లైబీరియా కోర్టు ఏదీ యుద్ధ నేరం కింద ఒక్కరినైనా బోనెక్కించలేదు.